సున్నం కొట్టించిన సూపర్‌వైజరు

చేరింది టెక్నీషియన్‌గా, రిటైరైందీ టెక్నీషియన్‌గానే. మధ్యలో ఎనభై ఏడు రోజులు మాత్రం సూపర్‌వైజర్‌ని.

ఈ మాట చెప్పినప్పుడల్లా మా అపార్ట్‌మెంటు కింద సాయంత్రం పూట కూర్చునే కుర్రాళ్ళు నా వైపు జాలిగా చూస్తారు. అందరూ కంప్యూటరు ఉద్యోగాల వాళ్ళే. బంగారంలాంటి పిల్లలు. కానీ నోరు తెరిస్తే ఒకటే గోల. వాడిని టీమ్ లీడ్‌ను చేశారు, నన్ను చెయ్యలేదు. వచ్చే మార్చికి మేనేజరును చెయ్యకపోతే కంపెనీ మారిపోతాను. మొన్న వాళ్ళలో ఒకబ్బాయి ఉండబట్టలేక అడిగేశాడు, అన్నేళ్ళూ ఒకే పోస్టులో ఉంటే మీకు బాధ అనిపించలేదా అంకుల్ అని. బాధా? నాయనా, నా మొత్తం సర్వీసులో నేను సరిగ్గా అన్నం తినలేకపోయింది ఆ ఎనభై ఏడు రోజులే. ఆ ముచ్చట కింద కూర్చుని చెబితే దోమలు కుడతాయని ఇక్కడ రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువుకోండి.

డెబ్భైల చివర్లో మాట. తిరుపతి టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో నేను టెక్నీషియన్‌ని. ఇప్పుడు మీ ఫోను జేబులో పడుతుంది. అప్పట్లో ఊళ్ళో ఎవరో డయలు తిప్పితే, మా హాల్లో మనిషికంటే ఎత్తున్న ఇనుప ర్యాకుల్లోని స్విచ్చులు టకటకమని మెట్లెక్కి, పక్కకు తిరిగి, అవతలి మనిషి లైను వెతికి పట్టుకునేవి. ఒక్కో స్విచ్చికీ కొన్ని రిలేలు. రిలే అంటే బెదిరిపోకండి, కరెంటు వస్తే అతుక్కుని పోతే విడిపోయే రేకు నాలుకలు, అంతే. ఆ నాలుకల కొసన ఆవగింజంత చుక్క ఉంటుంది. దాని మీద దుమ్ము పడిందా, ఆ ఫోను గోవిందా. అందుకే ఆ హాల్లోకి చెప్పులతో పోకూడదు, చీపురు తేకూడదు, నేలను తడిగుడ్డతోనే తుడవాలి. మాకు అది దేవుడి గదితో సమానం.

నాకు పని నేర్పింది ఒక పెద్దాయన. పుత్తూరు వైపు మనిషి, మాటలో సగం అరవం. మొదటి నెలంతా నన్ను పనిముట్టు తాకనివ్వలేదు. ర్యాకులకు వీపు పెట్టి స్టూలు మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమనేవాడు. "సూడొద్దప్పా, విను. యాడ తాళం తప్పుతా ఉండాదో సెవికి తెలియల్ల" అనేవాడు. ఇదేం చదువురా బాబూ అనుకున్నాను. నెల తిరిగేసరికి వేల టకటకల మధ్య ఒక్క కుంటి టక వినపడటం మొదలైంది. మా అమ్మ వసారాలో బియ్యం ఏరుతూనే లోపల పప్పు ఉడికిందో లేదో చప్పుడుతో చెప్పేది. ఇదీ అలాంటిదే.

ఆ కుంటి టకను పట్టుకుని, దాని రిలే విప్పి, తుడిచి, సన్నగా వంచి సరిచేస్తే, చెవికి పెట్టుకున్న రిసీవరులో ఊళ్ళో ఎవరో మనకు తెలియని మనిషి "హలో" అనేవాడు. ఆ హలో నాకే చెప్పినట్టు పొంగిపోయేవాణ్ణి. రోజుకు పది హలోలు వింటే ఇంటికి పోయేటప్పుడు సైకిలు దానంతట అదే నడిచేది. అంత చిన్న సంగతికి అంత సంతోషమా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి, నిజం చెబుతున్నాను.

అలాగని నేను సన్యాసినేమీ కాదు. చుట్టూ అందరూ పై పోస్టుల పరీక్షలకు రూల్సు పుస్తకాలు బట్టీ పడుతుంటే నా మనసూ లాగేది. మా తోడల్లుడు అప్పటికే వేరే శాఖలో ఆఫీసరయ్యాడు. అత్తగారింట్లో పెళ్ళి జరిగినా, పేరంటం జరిగినా, ఆయనకు చేతుల కుర్చీ వేసేవాళ్ళు. నాకు మడత కుర్చీ. నా భార్య తిరుపతిలోనే ఒక బడిలో టీచరు. తను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ నేనే ఆ చేతుల కుర్చీ వైపు దొంగచూపులు చూసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో చిత్తూరు ఎక్స్‌చేంజి సూపర్‌వైజరు కంటి ఆపరేషనుకు దీర్ఘ సెలవు పెట్టాడు. ఆయన వచ్చేదాకా తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చోమని నాకు ఆర్డరు వచ్చింది. మూడు నెలలు. ఈలోగా పై నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తాడు. ఆయన మంచి మాట రాస్తే పోస్టు పర్మనెంటు అవుతుంది. అయితే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పోవాలి, ఇక జన్మలో ర్యాకు ముట్టుకోనక్కర్లేదు. ముట్టుకోనక్కర్లేదన్న మాట అప్పుడు నాకు వరంలాగే వినపడింది. పెద్దాయన మాత్రం ఆర్డరు కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివి, "పోయిరాప్పా" అని మాత్రమే అన్నాడు. పోయి ఉండు అనలేదు.

చిత్తూరులో నా గది చూసి మురిసిపోయాను. చేతుల కుర్చీ, దాని వీపు మీద తెల్లటి టర్కీ తువ్వాలు, బల్ల మీద నొక్కితే ట్రింగుమనే గంట. గదికీ స్విచ్చుల హాలుకీ మధ్య అద్దాల కిటికీ. అక్కడ నలుగురు టెక్నీషియన్లు. అందరిలో పెద్దవాడు నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇదివరకు తిరుపతిలో నాతోపాటు పనిచేసినవాడే. ఒకే క్యారియర్లో అన్నం తిన్నాం. "ఏమప్పా, ఎట్లుండావు" అంటాడని భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. ఆయన లేచి నిలబడి "నమస్కారం సార్" అన్నాడు. వెయ్యబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఒక వారం పోయాక ఆ 'సార్' నాకు బాగానే ఉంది. అదీ సంగతి. దాచుకోవడం దేనికి?

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నేను మెమోలు ఇవ్వడం మొదలుపెట్టాను. గుడిపాల నుంచి బస్సులో వచ్చే ఆపరేటరమ్మ ఒకావిడ, టైరు పంక్చరై ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వస్తే మెమో. హాల్లో కూనిరాగం తీశాడని ఒకడికి మెమో. ఆపరేటరమ్మ సంతకం పెట్టి, పెన్ను మూత జాగ్రత్తగా బిగించి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆమె ఒక్క మాట అన్నా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మిగతా పొద్దంతా కాగితాలు. వచ్చిన కాగితానికి జవాబు, ఆ జవాబుకు నకలు, నకలుకు నంబరు. కిటికీ అవతల ర్యాకులు టకటకలాడుతుంటే మధ్యలో ఒక కుంటి టక వినపడేది. ప్రాణం లాగేది. లేవబోతే హెడ్ క్లర్కు అడ్డం పడేవాడు. ఆయన చాలామంది సూపర్‌వైజర్లను చూసినవాడు. "కూర్చోండి సార్. పనిముట్టు పట్టే సూపర్‌వైజర్ని ఎవురూ లెక్కజెయ్యరు సార్" అనేవాడు. కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం క్యారియరు తెరిస్తే ముద్ద దిగేది కాదు. కూర్చుని కూర్చుని ఆకలి చచ్చిపోయింది.

తనిఖీ తేదీ వచ్చింది. మా జిల్లాకు తనిఖీలు ఎక్కువ. ఊరక రారు మహానుభావులు. ఏ ఆఫీసరు వచ్చినా ముందు కొండకు పోయి వెంకన్న దర్శనం చేసుకుని, ఆ తర్వాతే తనిఖీ. ఈయనా అంతే. ఆదివారం, సోమవారం కొండ మీద, మంగళవారం పదిగంటలకు చిత్తూరు ఎక్స్‌చేంజి అని ప్రోగ్రాము వచ్చింది. ఆయన్ను మాలో ఎవరూ చూడలేదు. ఒత్తయిన జుట్టు, మహా కోపిష్టి అని మాత్రం చెప్పుకునేవారు.

తనిఖీ అంటే మన ఆఫీసుల్లో మొదట గుర్తొచ్చేది సున్నం. హెడ్ క్లర్కు ముందు వరండాకు కొట్టిస్తే చాలన్నాడు, ఇంతకుముందు వాళ్ళంతా అంతే చేశారట. నేను అంతటితో ఆగితేనా? స్విచ్చుల హాలు గోడలు పసుపు పట్టి ఉన్నాయి. ఆఫీసరు ఎక్కువసేపు నిలబడేది అక్కడే. హాలుకు కూడా కొట్టించండి అన్నాను. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, లోపల రిలేలు తుడవడానికి మంచి గుడ్డ లేదు, గోడలకు మాత్రం తెల్లసున్నం.

శనివారం సాయంత్రం పెద్ద టెక్నీషియన్ నా గదిలోకి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, హాల్లో సున్నం వొద్దు సార్. పాతది గీకితే పొడి లేస్తాది. మీకు నేను సెప్పేదా?" అన్నాడు.

ఆ చివరి మాటలో చాలా ఉంది. తిరుపతిలో హాలు గుమ్మం దగ్గర చెప్పులు విడవని వాళ్ళ మీద కేకలేసేది నేనేనని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. తెలిసి తెలిసి నేనన్న మాట ఇది. "గుడ్డలు కప్పించండి. చెప్పింది చెయ్యండి, చాలు."

ఆయన సరే సార్ అని వెళ్ళిపోయాడు. ఆదివారం పనివాళ్ళు వచ్చి పాత సున్నం గీకి కొత్త సున్నం కొట్టారు. ర్యాకుల మీద కప్పిన దుప్పట్లు పండు వెన్నెల్లా తెల్లబడ్డాయి. సాయంత్రానికి హాలు పెళ్ళిపందిరిలా మెరిసిపోయింది. నేను నడుము మీద చేతులు పెట్టుకుని మెచ్చుకుంటూ నిలబడ్డాను. ఒళ్ళు తెలియని గర్వమంటే అదే.

సోమవారం పొద్దున దుప్పట్లు తీశారు, ఫ్యాన్లు వేశారు. పదకొండింటికి మొదటి కంప్లైంటు వచ్చింది. రెండింటికి ఫోను పెట్టే సందు లేకుండా పోయింది. సున్నం పొడి మెల్లగా దిగి ఒక్కో నాలుక మీదా కూర్చుంది. ఆసుపత్రికి చేస్తే సినిమా హాలు మోగుతోంది. కలెక్టరాఫీసు వాళ్ళు ఎక్కడికి చేసినా బెల్లం మండీకి పోతోంది. అక్కడ ఒక వ్యాపారి, పాపం, వచ్చిన ప్రతి పెద్ద ఆఫీసరుకీ ఓపిగ్గా ఆ పొద్దు బెల్లం ధర చెప్పి, ఎన్ని దిమ్మలు కావాలో అడుగుతున్నాడట. ఇప్పుడు నవ్వుతున్నాను. ఆ వేళ నా ముఖాన నెత్తురు చుక్క లేదు. తెల్లారితే తనిఖీ. పర్మనెంటు సంగతి అటుంచి, చార్జిషీటు తప్పేలా లేదు.

మంగళవారం ఆరింటికే అందరం వచ్చేశాం. నలుగురూ తలా ఒక ర్యాకు దగ్గర కూర్చుని రిలేలు తుడవడం మొదలుపెట్టారు. ఆ రోజు సెలవున్న ఆపరేటరమ్మ కూడా వచ్చింది, పాత చీరలు చింపి గుడ్డముక్కలు చేసి ఇస్తోంది. నేను నా గదిలో, చేతుల కుర్చీలో, ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాను. సూపర్‌వైజరు ఏం చెయ్యాలి? పర్యవేక్షించాలి. కిటికీలోంచి పర్యవేక్షిస్తున్నాను. అప్పుడు పెద్ద టెక్నీషియన్ గుమ్మంలోకి వచ్చాడు. నేను చెప్పలేదా అని ఆయన అడగొచ్చు, అడగలేదు.

"సార్, అయిదో ర్యాకుకు మనిషి లేడు."

అంతే అన్నాడు. ఆ మాటతో నా సూపర్‌వైజరీ అంతా కాళ్ళ కిందికి జారిపోయింది. గడియారం విప్పి బల్ల మీద పెట్టాను, చొక్కా విప్పి కుర్చీకి తగిలించాను, పంచె ఎగ్గట్టి బనీనుతో హాల్లోకి పోయి అయిదో ర్యాకు ముందు చతికిలబడ్డాను. మొదటి రిలే చేతిలోకి తీసుకోగానే వేళ్ళు వాటంతట అవే పని గుర్తు తెచ్చుకున్నాయి.

ఎనిమిది దాటాక వాకిట్లో ఒక మనిషి కనిపించాడు. నున్నటి గుండు, గుండు మీద గంధం, నుదుట నామం, చేతిలో ఖద్దరు సంచి. మా వైపు రోజూ వందమంది గుండ్లు కనపడతాయి. కొండ దిగి ఇంటికి పోయే యాత్రికుడెవరో ఫోను చేసుకోవడానికి వచ్చాడనుకున్నాను. ఏం జరుగుతోందిక్కడ అని అడిగాడు. ఫోన్లు బాగాలేవయ్యా, పనిలో ఉన్నాం, ఫిర్యాదు అయితే ఆ పుస్తకంలో రాసిపో అన్నాను తల ఎత్తకుండా. ఆయన పోలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. చెప్పులు విడిచాడు కదా అని నాకు గౌరవం కలిగింది. ఊరికే నిలబడేకంటే ఈ టార్చి పట్టుకో సామీ అని చేతికిచ్చాను.

టార్చి పట్టడం అందరికీ చేతకాదు. చాలామంది మన కళ్ళలోకి కొడతారు, లేదా మన చేతి నీడ పని మీదే పడేలా పట్టుకుంటారు. ఈయన పక్క నుంచి, కింది నుంచి, రేకు నాలుకల మధ్య సందు కనిపించేలా పట్టాడు. నేను ఒక రిలే నుంచి ఇంకో దానికి పోకముందే వెలుతురు అక్కడికి పోయేది. ఇరవై నిమిషాలు అలా మాట లేకుండా పనిచేశాం. "బలే పట్టుకుంటా ఉండావే సామీ, ఏం పని నీది?" అన్నాను మెచ్చుకోలుగా.

ఆయన జవాబు చెప్పేలోపే హెడ్ క్లర్కు పూలదండతో వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు. బస్ స్టాండు దగ్గర ఆఫీసరు జీపు డ్రైవరు టీ తాగుతూ కనపడి, సార్ గుండుతో ముందే నడిచిపోయారని చెప్పాడట. గుండాయన్నీ, ఆయన చేతిలో టార్చినీ, బనీనుతో ఉన్న నన్నూ చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. "సార్" అన్నాడు. అది నన్ను కాదు.

లేవబోతే నా కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. సగం లేచి మళ్ళీ కూలబడ్డాను. దేవుడికి తలనీలాలు ఇచ్చి వచ్చిన పెద్ద ఆఫీసరు, కొండ మీద నుంచి ఫోను చేద్దామంటే ముందురోజు మధ్యాహ్నం నుంచి చిత్తూరు పలక్కపోతే, ప్రోగ్రాము కంటే రెండు గంటలు ముందే వచ్చేశాడు. నువ్వూ నువ్వూ అంటూ ఆయన చేత నేను టార్చి పట్టించాను. ఇంత సర్వీసులో ఆఫీసరు చేత ఊడిగం చేయించుకున్నవాడు మా జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఆయన దండ వేయించుకోలేదు. గోడల వైపు చూశాడు, వేలితో రాసి తెల్లపొడి చూసుకున్నాడు. కోస్తా వైపు మనిషి. నెమ్మదిగానే అడిగాడు. "ఈ హాల్లో సున్నం కొట్టమన్నది ఎవరు?"

పెద్ద టెక్నీషియన్ నోరు తెరిచి, పనివాళ్ళు సార్, వరండాకు చెబితే పొరపాటున ఇక్కడ కూడా అని ఏదో మొదలుపెట్టాడు. అబద్ధం. నన్ను కాపాడటానికి. మూడు రోజుల కిందట చెప్పింది చెయ్యండి, చాలు అన్న నన్ను. ఆ అబద్ధం వెనక దాక్కుంటే పర్మనెంటు పోస్టు నాది. ఆ సంగతి ఆ క్షణంలో స్పష్టంగా తెలుసు.

"నేనే సార్ కొట్టించినాను. ఆయన వొద్దని సెప్పినాడు, నేనే వినలేదు" అన్నాను.

"ఎందుకు?"

"మీరు వస్తా ఉండారని సార్."

ఆఫీసరు టార్చి ఆర్పాడు. "అంటే, నేను రాకపోతే ఈ ఊరి ఫోన్లు బాగుండేవన్నమాట" అన్నాడు. ముందు ఆపరేటరమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆయనే పకపకా నవ్వాడు. గుండు మీద ఎండిన గంధం పెచ్చులు పెచ్చులుగా రాలింది. టార్చి వెలిగించి, కూర్చోండి, ఇంకా మూడు వరసలు ఉన్నాయి అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి చివరి ర్యాకు అయింది. కలెక్టరాఫీసు కలెక్టరాఫీసుకే మోగింది. బెల్లం మండీ వ్యాపారి ఫోను చేసి, పొద్దున్నుంచి పెద్దోళ్ళెవురూ పలకరించలేదే అని బాధపడ్డాడు. ఆఫీసరుకు హోటల్లో విందు ఏర్పాటు చేసి ఉంది. ఆయన దాన్ని ఇక్కడికే తెప్పించాడు. హాలు బయట వరండాలో చాప మీద అందరం వరసగా కూర్చున్నాం. పెద్ద టెక్నీషియన్ నా పక్కన కూర్చుని, తన క్యారియరు మూతలో ఊరిబిండి పచ్చడి పెట్టి నా ముందుకు తోశాడు. "తినప్పా" అన్నాడు. రెండున్నర నెలల తర్వాత ఆ 'అప్పా' వినపడింది. ఎన్ని ముద్దలు తిన్నానో లెక్కలేదు. ఉద్యోగం ఊడేలా ఉన్న రోజున నాకంత ఆకలి ఎలా వేసిందో, అంత హాయిగా ఎలా ఉన్నానో నాకే అర్థం కాలేదు. మళ్ళీ అన్నం పెట్టించుకున్నాను.

చార్జిషీటు రాలేదు. సాయంత్రం పోయేముందు ఆఫీసరు, తప్పు ఒప్పుకునే సూపర్‌వైజర్లు తనకు తక్కువమంది ఉన్నారని, నా గురించి మంచిగానే రాస్తానని చెప్పాడు. ఎగిరి గంతెయ్యాలి కదా? నాకు కళ్ళ ముందు ఆ గది, ఆ తువ్వాలు, ఆ గంట కనిపించాయి. ధన్యవాదాలు సార్ అన్నాను గానీ గొంతులో పస లేదు. మర్నాడు ఆపరేటరమ్మ దగ్గరికి పోయి ఆ మెమో వెనక్కి తీసుకుంటున్నానన్నాను. "ఇంగ బస్సుకు గూడా సెప్పండి సార్, పంక్చరు కావొద్దని" అంది. మెమో మాత్రం చింపేసింది.

ఎనభై ఏడో రోజున అసలు సూపర్‌వైజరు నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చాడు. నేను తిరుపతికి వచ్చాను. నెల తిరగకముందే ఆఫీసరు మాట నిలబెట్టుకున్నాడు. పర్మనెంటు సూపర్‌వైజరుగా ప్రమోషను ఆర్డరు వచ్చింది. కదిరి దగ్గర పోస్టింగు. పదిహేను రోజుల్లో చేరాలి, లేదా వద్దని రాసివ్వాలి. ఒకసారి వద్దంటే మళ్ళీ ఇప్పట్లో అడగరు.

కాగితం ఇంట్లో భార్యకు ఇచ్చాను. తను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ ఎర్రసిరా పెన్నుతోనే అందుకుంది. చదివి, పోతారా అని అడిగింది. నీ ఇష్టం ఏమిటన్నాను. పదిమందిలో చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, కాదనను అంది. ఆ తర్వాత పెన్ను పక్కన పెట్టి చెప్పింది. "మీరు సూపర్‌వైజరైనంక శనివారం శనివారం ఇంటికొచ్చి నాకు గూడా మెమోలే ఇస్తా ఉంటిరి. పులుసులో ఉప్పు తక్కువైందంటే 'ఇకమీదట గమనించవలెను' అంటిరి. గుర్తుండాదా?"

నాకు గుర్తు లేదు. అన్నానట. ఇద్దరం నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. నవ్వు తగ్గాక, "మీ అక్కాబావలు ఏమనుకుంటారో" అన్నాను. "వాళ్ళు అనుకునేది వాళ్ళ ఇంట్లో. మీరు అన్నం తినాల్సింది ఈడ" అంది. ఆ మాటతో తేలిపోయింది.

వద్దని రాసివ్వడం అంత సులభమనుకున్నారా? ఫారంలో 'కారణము' అని ఒక గడి ఉంది. తిరుపతి ఆఫీసులో ఆ కాగితాలు చూసే గుమాస్తా నాకు స్నేహితుడే. తల్లికి ఆరోగ్యం బాగాలేదని రాయమన్నాడు, అందరూ అదే రాస్తారట. మా అమ్మ ఆ పొద్దున్నే అలిపిరి మెట్లెక్కి కొండకు పోయింది, ఆమెకు జబ్బు ఎలా అంటగట్టేది? నేను నిజమే రాశాను. ఈ పని నాకు ఇష్టం, అందుచేత ఈ పనిలోనే ఉండగోరుతున్నాను.

పది రోజులకు పై ఆఫీసు నుంచి జవాబు. ఇష్టము అనునది కారణము కాజాలదు, తగిన కారణము తెలుపవలెను. నేను మళ్ళీ అదే రాశాను. మళ్ళీ తిప్పి పంపారు, ఈసారి 'తగిన' అనే మాట కింద గీత గీశారు. పెద్దాయన ఆ కాగితాలు చూసి, అడుసు తొక్కనేల కాలు కడగనేల, అమ్మకు జ్వరమని రాసి పారెయ్యరాదా అన్నాడు. కానీ నాకు మొండిపట్టు వచ్చేసింది. ఎనభై ఏడు రోజులు నావి కాని మాటలు రాసీ రాసీ విసిగి ఉన్నాను. మూడోసారి కూడా అదే రాసి, దానికింద నేను కూడా గీత గీశాను. 'ఇష్టం' అనే మాట కింద. ఆ కాగితం చివరికి ఎవరి బల్ల మీదికి పోయిందో తెలియదు. గుండాయన బల్ల మీదికే పోయి ఉంటుందని నా నమ్మకం. ఈసారి మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ హాల్లోనే పనిచేశాను. స్విచ్చులు పోయి ఎలక్ట్రానిక్ కార్డులు వచ్చాయి, టకటకలు ఆగిపోయాయి. అది ఒక దుఃఖమే. కొత్తవి నేర్చుకున్నాను, అవీ బాగానే ఉన్నాయి. మా తోడల్లుడు ఇంకా పైకిపోయాడు, మంచివాడు, సంతోషంగానే పోయాడు. పైకి పోవాలని ఉన్నవాళ్ళు పోవాలి. కుర్రాళ్ళారా, మిమ్మల్ని పోవద్దని నేను అనడం లేదు. పోయేముందు ఒక్కసారి, మధ్యాహ్నం మీకు ఆకలి ఏ పని చేసినప్పుడు వేస్తుందో చూసుకోండి, అంతే.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మా సర్వీసు పుస్తకాన్ని ఏడాదికొకసారి చూపించి సంతకం తీసుకునేవారు. అందులో ఎడమ పేజీ ప్రశంసలకు, కుడి పేజీ శిక్షలకు. మరుసటి ఏడాది ఆ గుమాస్తా పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. ఎడమవైపు పేజీ ఖాళీ. కుడివైపూ ఖాళీయే. రెండింటికీ నడుమ, కుట్టు మీద, ఇరుకైన చోట చిన్న అక్షరాలతో నిలువుగా రాసి ఉంది. ప్రమోషను వద్దన్నారు. కారణం, ఈ పని ఇష్టం.

గుమాస్తా తల గోక్కున్నాడు. "ఇది ఏ పక్క రాయల్లో నాకు తెలీలేదప్పా. పై ఆఫీసును అడిగితే వాళ్ళకీ తెలీదంట. నడిమిట్ల రాసేసినాను. తప్పయితే సెప్పు, దిద్దుతాను" అన్నాడు.

నేను రెండుసార్లు చదువుకున్నాను. సరిగ్గానే రాసినావులే అని, దాని కింద నిలువుగానే సంతకం పెట్టి, చెప్పులు హాలు గుమ్మం బయట విడిచి లోపలికి పోయాను.